గుండ్లవాగు దాకా

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక తండాలో చిట్టచివరి ఇల్లు తుల్సీరాంది. ఆ ఇల్లు దాటిన కాస్త దూరానికి సిమెంటు రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఎర్ర మొరం కంకర నేల, ఆ తర్వాత టేకు చెట్లు, తునికి పొదలు. వాటి మధ్యలోంచి ఒక బాట సూటిగా పల్లానికి దిగి గుండ్లవాగు ఒడ్డుకు చేరుతుంది. ఎండాకాలంలో అడవికి నిప్పంటుకుంటే ఒక పక్క మంట రెండో పక్కకు పాకకుండా గడ్డీ ఆకులూ చెక్కేసి ఉంచే బాట అది. దాన్ని అందరూ ఫైర్‌లైన్ అంటారు. ఎన్నో వేసవులు ఆ బాటను పారతో చెక్కినవాళ్ళలో తుల్సీరాం ఒకడు.

వానాకాలం కాస్త పత్తి పండించుకోవడం, ఎండలు మొదలయ్యాక అడవి మంటల కాపలాకు కుదరడం అతని పని. చాలామందికి అది కూలి. అతనికి మాత్రం ఇష్టం. పొగ కనబడితే ముందు పరిగెత్తేవాడు అతనే. పచ్చికొమ్మలతో కొట్టి కొట్టి మంట చల్లార్చాక, మిగతావాళ్ళు ఇంటిదారి పట్టినా అతను వాగులోకి దిగేవాడు. అక్కడ నీళ్ళలోకి వంగిన నున్నటి బండ ఒకటి ఉంది. దాని మీద కూర్చుని, చెప్పులు విడిచి, వేడి బూడిదలో ఉడికిపోయిన కాళ్ళు నీళ్ళలో పెట్టేవాడు. ముందు పాదాలు చుర్రుమనేవి. తర్వాత వేళ్ళ సందుల్లోంచి చల్లదనం మెల్లగా పైకి పాకేది. అంతే. ఇంత చిన్న సంగతి కోసం మనిషి తపించిపోతాడని అప్పుడెవరైనా చెప్పి ఉంటే అతను నవ్వేవాడు.

ఒక ఏడు ఎండలు ముదిరే రోజుల్లో, పొగ లేచిందని సాయంత్రం మోటారు సైకిలు మీద పోతూ కల్వర్టు దగ్గర మొరం మీద జారి కింద పడ్డాడు. నడుము విరిగింది. ఖమ్మం దవాఖానాలో కొన్నాళ్ళు, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉంచి ప్రాణం నిలబెట్టారు గాని, నడుము కింద శరీరం ఉన్నట్టు కూడా అతనికి తెలియకుండా పోయింది.

భార్య చాంది ఆ తండా అంగన్‌వాడీలోనే టీచరు. కూతురు జ్యోత్స్న ఖమ్మంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఇల్లు గడవడానికి లోటు రాలేదు. చాంది ఏనాడూ విసుక్కోలేదు కూడా. పొద్దున్నే అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నీళ్ళు పెట్టి, సెంటరుకు పోయేది. అతను కుర్చీ తోసుకుంటూ సిమెంటు రోడ్డు కొస దాకా వెళ్ళేవాడు. ఆ కొసన ఆగి అడవికేసి చూస్తూ కూర్చునేవాడు. మొరంలో కుర్చీ చక్రాలు దిగబడతాయి. ఒకసారి బాబాయి వరసైన భద్రు ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చి, కుర్చీతో సహా ఎత్తి కాస్త దూరం మోశాడు. వాళ్ళ ఆయాసం వినలేక తుల్సీరాం మొదటి టేకు చెట్టు రాకముందే వెనక్కి తిప్పమన్నాడు.

"వాగు దాకా పోదమంటివి గదరా?" అన్నాడు భద్రు.

"వద్దు కాకా. పీనుగును మోసినట్టు మోస్తున్రు. నేనింక బతికే ఉన్న."

ఆ మాట తర్వాత ఎవరూ మళ్ళీ మోస్తామనలేదు.

బెన్నీ అనే కుర్రాడు ఒకప్పుడు అతనితో పాటు మంటల కాపలాకు వచ్చేవాడు. తర్వాత కొత్తగూడెంలో బొగ్గు గనుల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా కుదిరి, పెళ్ళి చేసుకుని, అక్కడే క్వార్టర్లలో ఉంటున్నాడు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక బండేసుకుని వచ్చాడు. వెనక సీటుకు ఒక అట్టపెట్టె కట్టి ఉంది.

"అన్నా, నీకోటి తెచ్చిన," అంటూ పెట్టె విప్పాడు.

లోపల మూరెడు పొడవున్న బండి. లావు టైర్లు, వంగిన స్ప్రింగులు, పైన గీతలు పడ్డ నీలిరంగు డొప్ప. దాంతో పాటు చేతిలో పట్టుకునే రిమోటు.

తుల్సీరాం ముఖం ముడుచుకుంది. "ఏంది తమ్మీ ఇది? కాళ్ళు పోతే నేను పోరణ్నయిననా?"

"పోరగాండ్లు ఆడుకునేది కాదన్నా. బగ్గీ అంటరు. మేం డ్యూటీ లేనప్పుడు క్వార్టర్ల గ్రౌండ్ల పందేలు పెట్టుకుంటం. రాళ్ళల్ల, గుంటల్ల పోవుడుకే చేసిన్రు దీన్ని. నేను కొత్తది కొనుక్కున్న, ఇది నీ దగ్గర ఉండని."

బెన్నీ వెళ్ళిపోయాక ఆ బండి మంచం కిందికి పోయింది. చాలా రోజులు అక్కడే ఉంది. ఒక మధ్యాహ్నం చాంది సెంటరులో ఉండగా, పడిపోయిన నీళ్ళ సీసా కోసం కర్రతో మంచం కింద వెతుకుతుంటే బండి తగిలి బయటికొచ్చింది. ఊరికే చూద్దామని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు కొసకు పోయాడు. నేల మీద దింపి రిమోటు నొక్కాడు. బగ్గీ ఒక్క ఊపున సిమెంటు దిగి మొరం మీదికి ఉరికింది.

దాని చక్రాలు దిగబడలేదు. ఎర్ర దుమ్ము చిమ్ముకుంటూ మొదటి టేకు చెట్టు దాటింది. పడిపోయిన నాటి నుంచి అతనికి సంబంధించినదేదీ ఆ చెట్టు దాటి పోలేదు. ఇంకాస్త నొక్కాడు. ఇంకొంచెం దూరం పోయి, కటకటమని చప్పుడు చేసి బగ్గీ నిలబడిపోయింది. నొక్కితే మోటారు గుర్రుమంటోంది గాని చక్రాలు కదలడం లేదు.

ఎదురుగా కనబడుతూనే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చేతికొస్తుంది. సాయంత్రం చాంది ఇంటికి వచ్చేదాకా దాన్ని చూస్తూ అతను అక్కడే కూర్చున్నాడు.

చాంది వెళ్ళి తెచ్చి ఒళ్ళో పెడితే, స్క్రూలు విప్పి చూశాడు. మోటారు కొసన ఇత్తడి రంగు చిన్న గేరు, దాని పళ్ళలో పళ్ళు కలిపి తిరిగే పెద్ద ప్లాస్టిక్ గేరు. ఆ రెండింటి మధ్య జొన్నగింజంత మొరం రాయి ఇరుక్కుంది. పెద్ద గేరుకు ఒక పక్క పళ్ళు చెక్కేసినట్టు పోయాయి. గేర్ల మీద మూత లేదు.

ఫోను చేస్తే బెన్నీ నాలిక కరుచుకున్నాడు. "మూత ఎప్పుడో పగిలిపోయిందన్నా. మా గ్రౌండు సాఫ్ ఉంటది, నేను పట్టిచ్చుకోలే. గేరు నేను పంపుత గాని, మూత లేకుంటే అడివిల నడవదది."

"నడిపిస్త," అన్నాడు తుల్సీరాం.

అతని గొంతులో ఆ పంతం విని వంటింట్లో ఉన్న చాంది చేతిలో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మంట ఎక్కడుందో చెప్పండి చాలు అని ఒకప్పుడు పరిగెత్తే మనిషి గొంతు అది.

మొదట ఖాళీ నూనె డబ్బా కోసి, పొయ్యి సెగకు మెత్తబరిచి, గేర్ల మీద డొప్పలా వంచాడు. రాళ్ళు పడటం ఆగింది. బగ్గీ నున్నగా తిరగాలని, బండి చైనుకు పెట్టినట్టు గేర్లకు బాగా గ్రీజు కూడా పెట్టాడు. కొద్ది రోజులకే మళ్ళీ ఆగింది. విప్పి చూస్తే, ఇరుసు దూరే కంతలోంచి సన్నటి ఇసుక లోపలికి చేరి గ్రీజుకు అంటుకుంది. వేలితో తాకితే గరుకు కాగితంలా ఉంది. పళ్ళన్నీ అరిగి మొండిగా అయ్యాయి.

"గ్రీజెందుకు పెట్టినవన్నా!" అని బెన్నీ ఫోనులో మొత్తుకున్నాడు. "దుమ్ముల తిరిగే ప్లాస్టిక్ గేర్లను పొడిగ ఉంచాలె. పాత బ్రష్షుతోని దులుపు, అంతే."

ఈసారి గ్రీజు లేదు. కానీ ఇసుక రేణువు కూడా దూరకూడదని పంతం కొద్దీ చుట్టూ టేపు చుట్టి, సందుల్లో పైపుల కంతలు పూడ్చే ఎంసీల్ ముద్ద కూరాడు. బగ్గీ మునుపెన్నడూ పోనంత దూరం పోయింది. అక్కడ ఆగిపోయింది. చాంది తెచ్చేటప్పుడు చేతులు మార్చుకుంటూ తెచ్చింది. మోటారు అంత వేడిగా ఉంది, తీగ కాలిన వాసన వస్తోంది.

"గాలాడకుంట కప్పెట్టినవ్. దానికి ఉక్కపొయ్యదా?" అంది.

"కంత ఉంచితే ఇసుక పోతది. మూస్తే ఉడుకుతది. ఏం జెయ్యాలె మరి?" అతని గొంతు చిరాగ్గా ఉంది.

"మన కిటికీకి దోమతెర కొట్టిచ్చినం గద. గాలి ఆగిందా? దోమలు ఆగినయి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అప్పటికే మూలనున్న పాత దోమతెర తీస్తోంది.

ఆ తర్వాత సాయంత్రాలు ఇద్దరూ వాకిట్లో కూర్చుని పనిచేశారు. డొప్పకు పైన ఒక కిటికీ కోసి దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి అతికించారు. లోపల ఏదైనా పడ్డా రాలిపోయేలా అడుగున చిన్న తొర్ర ఉంచారు. ఇరుసు దూరే చోట, తెగిపోయిన హవాయి చెప్పు రబ్బరును బిళ్ళలా కోసి బిగించాడు. ఎండుగడ్డి ఇరుసుకు చుట్టుకుని బిగుసుకుపోతోందని, బగ్గీ పొట్ట చుట్టూ తొడిగేలా చాంది లంగా ఎలాస్టిక్‌తో ఒక గుడ్డతొడుగు కుట్టింది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తుంటే అతను దీపం దగ్గరికి జరిపేవాడు. పడిపోయిన తర్వాత ఇద్దరూ కలిసి చేసిన పని అదే మొదటిది. అంతకు ముందు ఆమె చేసేది, అతను చేయించుకునేవాడు.

బెన్నీ వచ్చి డొప్ప విప్పి, గేర్లు వేలితో తిప్పి చూశాడు. "సాఫ్ ఉన్నయన్నా! మావాళ్ళకు చూపిస్త, ఫోటో తీసుకోనియ్యి." తర్వాత డొప్ప బిగిస్తూ అడిగాడు, "ఇంతకూ ఏడికి పంపాలని నీకు?"

తుల్సీరాం బాటకేసి చూశాడు. ఆ చూపు ఎటు పోయిందో బెన్నీకి తెలుసు. ఒకట్రెండుసార్లు అతని వెంట పోయి ఆ బండ మీద వాడూ కూర్చున్నవాడే. మళ్ళీ వచ్చినప్పుడు వేలెడంత కెమెరా ఒకటి తెచ్చి బగ్గీ ముక్కుకు బిగించాడు. అది చూసేదంతా తుల్సీరాం చేతిలోని ఫోనులో కనబడుతుంది.

"చప్పుడు వినరాదన్నా, బొమ్మ ఒక్కటే. ఫైర్‌లైన్ సూటిగ ఉంది కాబట్టి ఒడ్డు దాకా సిగ్నల్ అందుతదనుకుంటున్న. ఇగ నీ అదృష్టం."

మాఘమాసపు ఎండ పల్చగా ఉన్న ఒక ఆదివారం ఉదయం తుల్సీరాం రోడ్డు కొసన కూర్చుని బగ్గీని వదిలాడు. చాంది వెనక నిలబడి అతని భుజం మీదుగా ఫోనులోకి చూసింది. మొరం కంకర బగ్గీ పొట్టకు తగిలి ఎగిరిపడుతోంది. ఎండిన టేకాకులు విస్తళ్ళంత పెద్దవి, ఎదురొచ్చి చీలిపోతున్నాయి. చెక్కిన గడ్డి మొదళ్ళు మేకుల్లా లేచి ఉన్నాయి. ఏ క్షణాన బొమ్మ కదలకుండా నిలిచిపోతుందోనని అతని కళ్ళు దానికే అతుక్కున్నాయి. నిలవలేదు. నల్లమద్ది చెట్టు వచ్చింది. ఒకప్పుడు అతను కొడవలితో గాటు పెట్టిన చోట బెరడు మూసుకుపోయి ఉబ్బింది. పుట్ట వచ్చింది. అది ఇంకా పెరిగింది. ఒక్కొక్కటీ దాటుతుంటే అతను పేరు పెట్టి పలకరిస్తున్నట్టు ఏదో గొణుగుతున్నాడు.

బాట పల్లానికి దిగింది. ఆకుల సందుల్లో తళుక్కుమంది. బగ్గీ ఒడ్డు మీద ఆగింది.

గుండ్లవాగు. వేసవి ఇంకా తాకలేదు కాబట్టి నీళ్ళు నిండుగా, రాళ్ళ మీద జారుతూ పోతున్నాయి. ఎడమ పక్కన ఆ బండ. దాని మీద ఎవరూ లేరు.

తుల్సీరాం ఫోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. అలా చూస్తూనే ఉన్నాడు. నీళ్ళు రాళ్ళను ఒరుసుకుపోతుంటే వచ్చే చప్పుడు అతనికి తెలుసు. ఎంత వినబోయినా చేతిలో ఫోను మూగగానే ఉంది. వెనక్కి తిప్పుకోవడానికి బ్యాటరీ మిగల్చాలన్న సంగతే మరిచిపోయాడు. చివరికి గుర్తొచ్చి నొక్కితే బగ్గీ కాస్త మెదిలి ఆగిపోయింది. కెమెరా మాత్రం ఇంకా వెలుగుతోంది.

"నేను పోయి తెస్త," అంది చాంది.

ఆమె చెట్లలోకి నడిచి కనుమరుగైంది. అతను ఫోనులో వాగునే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తెర పక్కనుంచి ఆమె చీర అంచు వచ్చింది. బగ్గీ కోసం వంగుతుందనుకున్నాడు. ఆమె వంగలేదు. దాన్ని దాటి ముందుకు పోయి నీళ్ళ దగ్గర నిలబడింది. అటూ ఇటూ చూసింది. తర్వాత బండెక్కి కూర్చుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి తీసి, కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

కాళ్ళు పెట్టగానే ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. మెల్లగా దిగాయి.

అతని వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆమె ఎక్కడైనా పని లేకుండా అలా కూర్చోగా అతను చూడలేదు. ఆమె తల తిప్పి కెమెరా వైపు చూసి ఏదో అంది. పెదవులు కదిలాయి. ఏమందో అతనికి తెలియలేదు. అంతలో తెర మసకబారి ఆరిపోయింది.

బగ్గీని చంకన పెట్టుకుని ఆమె తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కింది. పాదాల తడికి మొరం దుమ్ము అంటుకుని ఉంది.

"చల్లగున్నయా?" అని అడిగాడు.

"చల్లగున్నయ్. ముందు జివ్వుమన్నయి. తర్వాత లేవబుద్ధి కాలే."

"నాతోని ఏమన్నవ్ ఆడ?"

ఆమె బగ్గీని అతని ఒళ్ళో పెట్టి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "ఇన్నేండ్లల్ల నన్నొక్కసారన్న ఈడికి తీస్కరాలేదేందయ్యా అని అన్న."

వాగు తనదనుకున్నాడు. ఆమె ఇల్లు, సెంటరు, చేను అనుకున్నాడు. నడిచే కాళ్ళున్న రోజుల్లో ఒక్క సాయంత్రం రమ్మంటే వచ్చేది. పిలవాలని తోచనే లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అతను బగ్గీని ముట్టలేదు. ఒకసారి కళ్ళారా చూస్తే తీరుతుందనుకున్న కోరిక చూశాక ఎక్కువైంది. ఇప్పుడు గుర్తుకొచ్చేది నీళ్ళొక్కటే కాదు. ఆ బండ మీద ఆమె పక్కన మిగిలిన చోటు గుర్తుకొస్తోంది. ఇద్దరు కూర్చోవడానికి సరిపోయే బండ అది. అన్నం ముందు పెట్టుకుని పరధ్యానంగా ఉండిపోతుంటే చాంది ఒకటి రెండుసార్లు అడిగింది. అతను ఏం లేదన్నాడు.

ఒక ఆదివారం పొద్దున అతను లేచేసరికి వాకిట్లో బ్రష్షు గీకుతున్న చప్పుడు వినబడింది. చాంది గడప మీద కూర్చుని, డొప్ప విప్పి, గేర్ల పళ్ళ సందుల్లోని దుమ్ము దులుపుతోంది. దోమతెర మడత దులిపి, రబ్బరు బిళ్ళ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూసింది. బ్యాటరీ అప్పటికే చార్జింగు అయి ఉంది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు కొసకు తోసుకుపోయి, బగ్గీని మొరం మీద దింపింది.

"నాకు బుద్ధయితలేదు చాందీ," అన్నాడు.

"నీ బుద్ధి సంగతి నాకెందుకు. నేను ముంగట నడుస్త. నువ్వెంబడి రా."

ఆమె వెనక్కి చూడకుండా నడిచింది. అతను రిమోటు పట్టుకున్నాడు. ఫోనులో ఆమె మడమలు, వాటి మీద ఆడుతున్న చీర అంచు కనబడ్డాయి. ఇన్నేళ్ళూ ఊరికి పోయినా, సంతకు పోయినా అతను ముందు నడిస్తే ఆమె వెనక వచ్చేది. ఆమె వెనక నడవడం అతనికి అదే మొదటిసారి. రాళ్ళున్న చోట ఆమె పక్కకు తప్పుకుంటే అతనూ తప్పుకున్నాడు. పుట్ట దగ్గర ఆమె ఆగి వంగి ఏదో ఏరుకుంది. బగ్గీ కూడా ఆగింది. ఆమె చేతిలో ఉన్నది కెమెరా ముందు పెట్టింది, రాలిపడిన నెమలి ఈక. నవ్వి, కొప్పులో దోపుకుని మళ్ళీ నడిచింది.

అప్పట్నుంచి అది అలవాటైంది. ఆదివారం వంట కాస్త ఆలస్యమవుతోందని భద్రు కాకా వేళాకోళం చేస్తాడు. ఆమె తిరిగొచ్చాక వాగు దగ్గర విన్నవన్నీ చెబుతుంది. నీళ్ళు ఈ వారం గలగలమంటున్నాయో, ఎండకు తగ్గి గుసగుసలాడుతున్నాయో, ఏ పిట్ట అరిచిందో. అతను కళ్ళు మూసుకుని వింటాడు. ఒక్కోసారి అలా వింటుండగానే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. ఆమె చూడనట్టే చెప్పుకుంటూ పోతుంది.

ఎండలు ముదిరి నీళ్ళు దిగువకు జారిన ఒక ఉదయం ఆమె ఒడ్డు దాటి, రాళ్ళ మీదుగా మరికాస్త కిందికి నడిచింది. అతను వెంబడించాడు. బగ్గీ ఒడ్డు చాటుకు దిగగానే తెరంతా చుక్కలైపోయింది. రిమోటు ఎంత నొక్కినా ఫలితం లేదు. చేతిలో గుడ్డి ఫోనుతో అతను అడవికేసి చూశాడు. ఎక్కడా అలికిడి లేదు. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మంటల కాపలా రోజుల్లో అడవిలో ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు వేసినట్టు, పొడుగ్గా ఒక కూత వేశాడు.

టేకు చెట్ల మీదుగా అది పోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పల్లం నుంచి, సన్నగా, కాస్త తడబడుతూ ఆమె కూత తిరిగొచ్చింది.

ఆమె బాగానే ఉందని తెలిసింది. ఇక పిలవాల్సిన పని లేదు. అయినా అతను మళ్ళీ పిలిచాడు.